డిప్పన్న రెండో భాగం

ఆ మంగళవారం పొద్దున మెహరాజ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. జగ్గయ్యపేటలో తొమ్మిదిన్నర బస్సెక్కాలి. నందిగామలో దిగి జీవరత్నం టీచరు గారి తలుపు కొట్టాలి. పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, "మీరు సరేనంటేనే ఇది పుస్తకమండి, కాదంటే కాగితాల కట్ట" అనాలి. ఆవిడ సరేనంటే తిరుగు బస్సు. వద్దంటే, ఏడ్చుకుంటూ తిరుగు బస్సు. రెండు గంటల పని.

డిప్పన్న ఎవరని అడిగేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. బయటివాళ్ళ కోసం చెప్పాలి. నలభై ఏళ్ళ కిందట జీవరత్నం అనే ఎలిమెంటరీ స్కూలు టీచరు పిల్లలకోసం ‘మున్నేటి డిప్పన్న’ అని ఒక కథ రాసింది. డిప్పన్న నీళ్ళంటే భయపడే తాబేలు. మున్నేటి ఒడ్డున ఇసుకలో కాపురం. చినుకు పడితే గొడుగు అరువడుగుతాడు. చివర్లో వరదొస్తుంది. తుమ్మకొమ్మ మీద ఇరుక్కున్న ఉడతపిల్లల కోసం డిప్పన్న పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నీళ్ళలో దిగుతాడు. ఉడతలు ఒడ్డు చేరతాయి. "డిప్పన్న మాత్రం మళ్ళీ కనబడలేదు." అదే ఆఖరి వాక్యం. దాని కింద సమాప్తం అన్న మాట కూడా లేదు. ఆ ఒక్క వాక్యం రెండు తరాల పిల్లల చేత అన్నం మానిపించింది. ఎనిమిదేళ్ళప్పుడు అది చదివి మెహరాజ్ మూడు రోజులు జ్వరపడితే, వాళ్ళమ్మ రజియాబీ "తాబేలు పోతే నీకెందుకే జొరం?" అని దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది.

తాయెత్తు జ్వరానికి పనిచేసింది, డిప్పన్నకు చెయ్యలేదు. ఇప్పుడు మెహరాజ్‌కి నలభై అయిదు. మొగుడు బాషా ప్రెస్సు పక్కనే చిన్న డీటీపీ షాపు. ప్రభుత్వం ఒక కాగితం చాలినచోట నాలుగు అడుగుతుంది కాబట్టి ఆ షాపు బాగానే నడుస్తోంది. కుల ధ్రువీకరణకీ, రేషను కార్డులో పేరు మార్పుకీ మధ్య దొరికిన ఖాళీల్లో, రెండేళ్ళు కూర్చుని, ఆమె డిప్పన్నని నీళ్ళలోంచి బయటికి లాగింది. ‘డిప్పన్న తిరిగొచ్చాడు’ అని రెండో భాగం రాసింది.

రాయడం ఒక ఎత్తు. అడగడం ఇంకో ఎత్తు. తాబేలు ఒకరిది, కథ ఇంకొకరు రాస్తే అది దొంగతనమా కాదా? మెహరాజ్‌కి తెలుసు, అడిగితే కాదు, అడక్కపోతే అవును. అడగడానికని మూడుసార్లు నందిగామ వెళ్ళి, టీచరు గారి వీధి మలుపు దాకా నడిచి, కాళ్ళు రాక వెనక్కి వచ్చేసింది. తనకి సన్మాన పత్రం ఇస్తే అందులో తప్పులు దిద్ది తిరిగి పంపిన మనిషని ఆవిడకి పేరు. ఈ మూడు ప్రయాణాల సంగతీ బాషాకి తెలియదు. తెలిస్తే నవ్వుతాడు. అందుకే ఆ రోజు కూడా "నందిగామలో కాస్త పనుంది" అని మాత్రం చెప్పింది.

పొద్దున్నే బాషా అయిదు కాపీలు కొట్టి, న్యూస్‌పేపర్లో చుట్టి, టేపు మీద టేపు వేసి ఇచ్చాడు.

"దారిలో విప్పమాకు. అట్ట ముడతపడుద్ది."

"నేను రాసిచ్చినట్టే వేసావా?"

"ముప్పై ఏళ్ళ నుంచి శుభలేఖలేస్తన్నా. నాకు చెప్తావా?"

ఆ మాట విన్నప్పుడే మెహరాజ్ పొట్లం విప్పి చూడాల్సింది. బస్సు హారన్ కొట్టింది.

చిల్లకల్లు టోల్‌గేటు దాటుతుండగా బాషా ఫోను. వెనక ప్రెస్సు మోత.

"మెహరాజూ, మంచి అదృష్టమే నీది. జీవరత్నం టీచరు గారికి ఇయ్యాళ పన్నెండింటికి నందిగామలో సంతాప సభంట. దశరథరామయ్య గారు పెడతన్నారు. ఫ్లెక్సీ ఆర్డరు నాకే వచ్చింది. నువ్వెట్టాగూ ఊళ్ళోనే ఉంటావు కాబట్టి ఆ పుస్తకాలు పట్టుకెళ్ళు. నీకు మైకిస్తారంట."

మెహరాజ్‌కి ఆ తరవాత ఏమీ వినిపించలేదు. మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ ఆవిడ బతికే ఉంది. నాలుగోసారికి లేదు. ఒక తలుపు కొట్టడానికి రెండేళ్ళు ఆలోచించిన మనిషికి దేవుడు ఇంతకంటే ఏం జవాబు చెబుతాడు? కొంగు నోట్లో కుక్కుకుంది.

కండక్టరు వచ్చాడు. "ఆధార్ చూపించమ్మా, జీరో టికెట్... అయ్యో, ఏంటమ్మా? ఎవరైనా పోయారా?"

"టీచరు గారండీ. ఇప్పుడు డిప్పన్న కోసం ఎవర్ని అడగాలి?"

కండక్టరు చేతిలో మిషను ఆగిపోయింది. "డిప్పన్న టీచరా? మున్నేటి డిప్పన్న?" అని ఖాళీగా ఉన్న సీట్లో కూలబడ్డాడు. "మా నాన్న ఆ పుస్తకం ఆఖరి పేజీ చింపేసి మాకు చదివేవాడమ్మా. డిప్పన్న ఉడతల్ని ఒడ్డు చేర్చాడు, అందరూ ఇంటికెళ్ళి పప్పన్నం తిన్నారు అని చెప్పేవాడు. పదో తరగతిలో తెలిసింది నాకు నిజం."

వెనక సీట్లోంచి ఎవరో, "మాకు తుమ్మచెట్టు కాడికి తీసుకెళ్ళి చూపించారు కూడా" అన్నారు. ఇంకెవరో ముక్కు చీదారు. బస్సు నందిగామలో ఆగేసరికి, విజయవాడకు టికెట్లు తీసుకున్న పదకొండుమంది మెహరాజ్ వెనకాల దిగిపోయారు. కండక్టరు దిగలేదు. డ్యూటీ. కానీ తన తరఫున ఒక దండ వెయ్యమని అందర్నీ బతిమాలుకున్నాడు.

దశరథరామయ్య హోల్‌సేల్ కిరాణా వ్యాపారి. జీవరత్నం టీచరు మొదటి బ్యాచి విద్యార్థి. పాత విద్యార్థుల సంఘానికి పుట్టినప్పటినుంచీ ఆయనే అధ్యక్షుడు. వేరేవాళ్ళు నిలబడలేదు. ఆయన గోడౌను ముందు అప్పటికే షామియానా వేసారు. రెండువందల కుర్చీలు. మూల స్టవ్వు మీద పులిహోర తాలింపు. మైకుసెట్టు బుల్లిబాబు "హలో, హలో, అశ్రునివాళి, అశ్రునివాళి" అని పరీక్షిస్తున్నాడు. ఇతనూ ఆవిడ శిష్యుడే.

"రామ్మా మెహరాజ్" అని దశరథరామయ్య ఎదురొచ్చాడు. "పొద్దున ఆరింటికి గ్రూపులో చూసిన దగ్గర్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. కాఫీ తాగాననుకో."

"ఎప్పుడు జరిగిందండీ? ఇంటిదగ్గర ఎవరున్నారు? ఒక్కసారి చూడనిస్తారా?"

"ఇల్లు తాళమమ్మా. బుల్లిబాబుని పంపించాగా."

బుల్లిబాబు మైకులోనే జవాబు చెప్పాడు. "నేను ఎరిగిన కాడికి టీచరు గారు పగలు ఇంటికి తాళం వెయ్యలేదండి. ఇయ్యాళ తాళమేసుంది. ఇంకేముంది? పెనుగంచిప్రోలు తీసుకెళ్ళుంటారు. వాళ్ళ వాళ్ళంతా అక్కడేగా."

అంత పకడ్బందీగా ఆలోచించే మనుషులుండబట్టే ఊళ్ళు ఇట్టా ఉన్నాయి. మెహరాజ్ ఏడుస్తూనే పొట్లం బల్ల మీద పెట్టింది. దశరథరామయ్య జేబులోంచి చిన్న కత్తి తీసి, బస్తాలు విప్పే చేతివాటంతో, బాషా వేసిన టేపులన్నీ రెండు గీతల్లో కోసాడు. అట్ట బయటపడింది. డిప్పన్న బొమ్మ బాగానే ఉంది. మెహరాజ్ పేరు బాగానే ఉంది. ఆ కింద బంగారు రంగులో, రెండు వైపులా తామరపూలతో ఇలా ఉంది:

"కీ.శే. జీవరత్నం టీచరు గారి దివ్య ఆశీస్సులతో."

మెహరాజ్ కన్నీళ్ళు ఉన్నచోటే ఆగాయి. ఆమె రాసిచ్చింది "జీవరత్నం టీచరు గారి ఆశీస్సులతో" అని. అదీ ఆవిడ ఒప్పుకుంటే ఉంచుదామని, ఒప్పుకోకపోతే తీసేద్దామని. అయిదు కాపీలే కదా అని.

"బాబాయి గారూ, టీచరు గారు పోయారని మీకు ఎవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పడమేంటమ్మా? నీ పుస్తకం అట్ట మీదేగా! మీ ఆయన పొద్దున్నే గ్రూపులో పెట్టాడు. కీర్తిశేషులు అని అంత బంగారు అక్షరాలతో వేస్తే గుడ్డివాడిక్కూడా కనబడుద్ది."

మెహరాజ్ షామియానా స్తంభం చాటుకి వెళ్ళి ఫోను తీసింది.

"ఏమయ్యా! కీ.శే. అని ఎవరు వెయ్యమన్నారు నిన్ను?"

ఆటో మోతలో బాషా అరిచాడు. "నువ్వే కదా ఆశీస్సులతో అని రాసిచ్చావు!"

"రాస్తే?"

"రాస్తే ఏంటే? పెళ్ళికార్డులో బతికున్నోళ్ళు ఆహ్వానిస్తారు. పోయినోళ్ళు ఆశీర్వదిస్తారు. ఆశీస్సుల లైన్లోకి బతికున్న పేరు ముప్పై ఏళ్ళలో ఒక్కటి రాలేదు నాకు. నువ్వేదో హడావుడిలో కీ.శే. మర్చిపోయావని నేనే కలిపా. కలిపినందుకు థాంక్స్ చెప్పాలి నువ్వు. చూడు, సభ కూడా పెట్టారు! నేనేసింది తప్పైతే సభెందుకు పెడతారు?"

"నీ అట్ట చూసే పెట్టారయ్యా సభ!"

బాషా ఆటోవాణ్ణి కాస్త మెల్లగా పొమ్మన్నాడు.

"అయితే ఫ్లెక్సీ ఏం చెయ్యమంటావు? ట్రాలీ ఆటోలో వేసుకుని వస్తన్నా. ఇంకో సంగతి, పొద్దున షాపుకి ఒక పెద్దావిడొచ్చింది. రెండో భాగం రాసిందెవరని అడిగింది. మిషన్లో కాస్త నలిగిన కాపీ ఒకటుంటే ఇచ్చా. అప్పట్నుంచి తలెత్తట్లా. సభకి నేనూ వస్తానంటే ఎక్కించుకొస్తన్నా. నీకు ఇప్పుడే అభిమానులు..."

సిగ్నలు పోయింది. మెహరాజ్‌కి పెద్దావిడలూ అభిమానులూ బుర్రకెక్కే స్థితి లేదు. ఆమె పరుగున దశరథరామయ్య దగ్గరికి వచ్చింది.

"బాబాయి గారూ, టీచరు గారు పోలేదేమోనండీ. మా ఆయన అలవాటుకొద్దీ వేసేసాడు. మీలో ఎవరైనా ఆవిడకి ఫోను చేసారా?"

"చనిపోయినావిడకి ఫోను చేస్తామా అమ్మా?" అన్నాడు దశరథరామయ్య. అన్న తరవాత ఆయనకే అనుమానం వచ్చింది. ఫోను తీసి కొట్టాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆయన కుర్చీల వైపు చూసాడు. నిండిపోయాయి. చిల్లకల్లు నుంచి రెండు ఆటోల జనం, వత్సవాయి నుంచి ఒక ట్రాక్టరు, స్కూలు పిల్లలు అరవైమంది. పులిహోర దించేసారు.

"మెహరాజ్, ఒక పని చేద్దాం. ఇంతమంది పనులు మానుకొచ్చారు. ముందు సభ కానిచ్చేద్దాం. ఆవిడ బతికే ఉంటే ఇంకా సంతోషం. వచ్చేవారం సన్మానం పెడదాం."

ఆవిడ రిటైరై ఇరవై ఆరేళ్ళయింది. పెన్షను కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు ఒక్క కుర్చీ వెయ్యని ఊరు, ఆ రోజు రెండువందలు వేసింది. మనిషి పోతేగానీ మనకి కుర్చీలు దొరకవు.

సభ మొదలైంది. ఫ్లెక్సీ రాలేదు కాబట్టి ‘మున్నేటి డిప్పన్న’ పాత కాపీ ఒకదానికి దండ వేసారు. దశరథరామయ్య గొంతు సవరించుకుని, డిప్పన్న మాత్రం మళ్ళీ కనబడలేదు అన్న వాక్యంలో జీవితం ఎంత అశాశ్వతమో టీచరు గారు ఎలా చెప్పారో ఇరవై నిమిషాలు వివరించాడు. ఆ వాక్యం తనని వ్యాపారంలో రెండుసార్లు నిలబెట్టిందన్నాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మధ్యలో ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. ఎవరూ పట్టించుకోలేదు.

"అలాంటి మహాతల్లి, తన ఆఖరి ఘడియల్లో, తన డిప్పన్నని ఈ మెహరాజ్ చేతిలో పెట్టి, ఇక నువ్వే రాయి తల్లీ అని ఆశీర్వదించి వెళ్ళిపోయింది! అమ్మా మెహరాజ్, రా, రెండు మాటలు చెప్పు."

చప్పట్లు. మెహరాజ్ మైకు పట్టుకుంది.

అప్పుడు ఆమె ముందు చాలా తేలికైన దారి ఒకటుంది. తల ఊపితే చాలు. అవునండి, ఆశీర్వదించారు అంటే చాలు. డిప్పన్న ఆమెవాడైపోతాడు. ఊరు ఊరంతా సాక్ష్యం. అయిదు కాపీలు అయిదు వందలవుతాయి. ఆవిడ నిజంగా పోయుంటే అడిగేవాళ్ళు లేరు. మెహరాజ్ ఆ మాట నోటిదాకా తెచ్చుకుంది కూడా. ముందు వరసలో నేల మీద కూర్చున్న పిల్ల ఒకతె పుస్తకం వైపు చూస్తూ, "నిజంగా తిరిగొచ్చాడా?" అని పక్క పిల్లని అడిగింది.

"నాకెవరూ ఆశీర్వాదాలు ఇవ్వలేదండి" అంది మెహరాజ్.

బుల్లిబాబు మైకు చెడిపోయిందేమోనని వైరు కదిలించాడు.

"నేను టీచరు గారితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మూడుసార్లు వచ్చి వీధి చివర్నుంచే పారిపోయా. ఆవిణ్ణి అడక్కుండానే ఆవిడ తాబేలుని తీసుకున్నా. ఆశీస్సులు నేనే వేసుకున్నా. కీర్తిశేషులు మా ఆయన వేసాడు. ఆవిడ పోయారో లేదో ఇక్కడ ఎవరికీ తెలీదు. ఆవిడ ఉంటే, వద్దంటే, ఈ పుస్తకాలు నేనే మున్నేట్లో..." అని, ఆ మాట డిప్పన్న విషయంలో బాగుండదని తట్టి, "ఇంట్లో దాచేసుకుంటా" అంది.

అప్పుడు ఆఖరి వరసలోంచి ఒక గొంతు లేచింది. నలభై ఏళ్ళు మైకు లేకుండా నలభై మంది పిల్లల్ని ఆపిన గొంతు.

"అమ్మాయ్, కాసేపాగు. ఇంకా రెండు పేజీలున్నాయి."

రెండువందల తలలు వెనక్కి తిరిగాయి. ప్లాస్టిక్ కుర్చీలో, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలతో, నలిగిన కాపీ ఒళ్ళో పెట్టుకుని, చేతిలో ఎర్ర పెన్నుతో జీవరత్నం టీచరు కూర్చుని ఉంది. పక్కనే బాషా నిలబడి ఫ్లెక్సీ విప్పుతున్నాడు. ఫ్లెక్సీలో జడ వేసుకున్న నలభై ఏళ్ళ జీవరత్నం. కింద కుర్చీలో ఎనభై నాలుగేళ్ళ జీవరత్నం. బాషా పైకి చూసాడు, కిందికి చూసాడు, ఫ్లెక్సీ తిరిగి చుట్టేసాడు.

దశరథరామయ్య చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి అందరూ నిలబడ్డారు. ఆవిడ తలెత్తకుండానే చెయ్యి ఊపింది, కూర్చోమని. అందరూ కూర్చున్నారు. తన సంతాప సభని ఆపి ఆవిడ ఆ రెండు పేజీలూ తాపీగా చదివింది. ఒకచోట ఎర్ర గీత గీసింది. ఆ గీత చప్పుడు మెహరాజ్‌కి వేదిక మీదికి వినిపించింది. తరవాత పుస్తకం మూసి, లేచి ముందుకు నడిచొచ్చింది.

"పొద్దున పక్కింటి పరిమళ ఫోను తెచ్చి చూపించింది. టీచర్ గారూ మీరు పోయారంట, డిప్పన్న రెండో భాగం వచ్చిందంట అని. పోతే పోయాను గానీ రెండో భాగమేంటే అని ఆటో ఎక్కి జగ్గయ్యపేట వెళ్ళా. ఫోను ఇంట్లో మర్చిపోయా."

బుల్లిబాబు మెల్లగా మైకు వెనక్కి జరిగాడు.

"దశరథం."

"టీచర్."

"ఏదో అశాశ్వతం అంటున్నావు. అదెక్కడుందిరా నా పుస్తకంలో?"

"అదే టీచర్, ఆఖరి వాక్యంలో... డిప్పన్న మాత్రం మళ్ళీ..."

"ప్రెస్సాయన కాగితం ముప్పైరెండు పేజీలకే సరిపోయిందన్నాడు. ముగించమన్నాడు. ముగించా. డిప్పన్న ఇంటికొచ్చేది ముప్పై మూడో పేజీలో."

రెండు తరాల దుఃఖం షామియానా కింద ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. దశరథరామయ్య వ్యాపారంలో తాను నిలబడ్డ రెండు సందర్భాలూ గుర్తు చేసుకున్నట్టు కనిపించాడు.

బాషా ముందుకొచ్చి చెవులు పట్టుకున్నాడు. "అమ్మగారూ, తప్పయిపోయింది. ఆ కీ.శే. మీద స్టిక్కరేస్తానండి."

"ఉండనియ్యి. ఎట్టాగూ పనికొస్తుంది."

తరవాత ఆవిడ మెహరాజ్ వైపు తిరిగింది. మెహరాజ్ ఎనిమిదేళ్ళ పిల్లలా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"అడిగితే వద్దనేదాన్ని" అంది ఆవిడ. "నా తాబేలుని వేరేవాళ్ళు ముట్టుకోవడమేంటని. మూడుసార్లు పారిపోయి మంచిపని చేసావు. చదివేసాను కదా, ఇప్పుడు వద్దనలేను. పదహారో పేజీలో డిప్పన్న అంత మాటలు మాట్లాడడు, కొట్టేసా. మిగతాది బాగుంది. వెయ్యి."

మెహరాజ్ ఏడ్చింది. దానికి పొద్దుటి ఏడుపుతో సంబంధం లేదు. పిల్లలు పుస్తకాల మీద పడ్డారు. బుల్లిబాబు ఎవరూ చెప్పకుండానే పులిహోర అని ప్రకటించాడు. దశరథరామయ్య పాత పుస్తకం మీది దండ తీసి టీచరు మెడలో వెయ్యబోతే, "పక్కన పెట్టరా, దురద" అందావిడ.

ఆ గోలలో టీచరు మెహరాజ్‌ని మోచెయ్యి పట్టి పక్కకి తీసుకెళ్ళింది. అప్పటిదాకా ఉన్న గొంతు కాదు. కాస్త తగ్గించి, అటూ ఇటూ చూసి అడిగింది.

"ఇందులో చింతామణి అని ఒక ముసలి కప్పని పెట్టావు చూడు, డిప్పన్నకి ఈత నేర్పేది. అది నీదేనా?"

"నాదేనండి. మీ పుస్తకంలో లేదు."

"దాన్ని వంతెన మీద అట్టా వదిలేసావేంటమ్మా? తరవాత ఏమైందో రాయొద్దూ? నాకు ఆటోలో నాలుగు పేజీలు తోచాయి. మూడో భాగం నేను రాస్తా. నువ్వు సరేనంటేనే."

మెహరాజ్ కళ్ళు తుడుచుకుంది. చింతామణి ముఖం ఒకసారి గుర్తు తెచ్చుకుంది.

"ఆలోచించి చెప్తానండి" అంది.